చార్జర్ మీద పచ్చ దీపమే వెలుగుతుంటే

రాత్రంతా పెట్టినా ఎలక్ట్రిక్ బైకుకు చార్జింగ్ ఎక్కలేదు. చార్జర్ మీద ఎర్ర దీపానికి బదులు పచ్చదే వెలుగుతోంది. అంటే కరెంటు లోపలికి పోవడమే లేదు. బ్యాటరీ పోయిందని బెంగపడ్డాను. టార్చి వేసి చూస్తే, చార్జింగ్ రంధ్రంలో ఒక పిన్నుకు ఆకుపచ్చని చిలుము పట్టి ఉంది. వానలో తడిసిన ఫలితం. చార్జర్ తీసేసి, బ్యాటరీ స్విచ్చి ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో నెమ్మదిగా తుడిచాను. అక్కడ లోహపు వస్తువు మాత్రం పెట్టకూడదు, రెండు పిన్నులు కలిస్తే చాలా ప్రమాదం. బాగా ఆరాక తగిలిస్తే, ఎర్ర దీపం!

ఇప్పుడు రబ్బరు మూత మరవకుండా బిగిస్తున్నాను. బండి దిగగానే కాకుండా, బ్యాటరీ చల్లబడ్డాకే చార్జింగ్ పెడుతున్నాను. రోజువారీ తిరుగుడుకు 80 శాతం చాలు. లిథియం అయాన్ బ్యాటరీని నిండా నింపి ఎండలో వదిలేస్తే దాని సత్తువ త్వరగా తగ్గిపోతుంది.