పాత వస్తువు, ఆన్‌లైన్ వేలం – 4వ పాఠం: లోపాన్ని ఎలా రాయాలి

ఏ వస్తువుకు వేలం నప్పుతుంది, ఏదాన్ని నేరుగా ధర పెట్టి అమ్ముకోవాలి, ప్రారంభ ధర ఎంత ఉండాలి అన్నవి గత మూడు పాఠాల్లో చూశాం. ఈసారి వివరణ రాయడం. అందులోనూ చాలామంది చిట్టచివరి లైనుకు నెట్టేసే భాగం: వస్తువులో ఉన్న లోపం.

పాఠమంతా ఒకే వస్తువు మీద నడుపుదాం. కెనాన్ ఏఈ-1 ఫిల్మ్ కెమెరా, దానితో వచ్చే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు. 1976లో వచ్చిన మోడల్. లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది కాబట్టి బీరువాల్లో ఇంకా దొరుకుతోంది. ఫిల్మ్ మీద మోజుతో కొనే కుర్రకారు కూడా ఉన్నారు. పైగా దీనికి వచ్చే జబ్బులు కొనేవాళ్లకు కంఠతా వచ్చు. వేదిక ఈబే అనుకుందాం. భారత్‌లో ఆ సైటు 2018లో మూతపడింది గానీ, ఇక్కడి నుంచి విదేశాలకు అమ్మేవాళ్లు దాన్ని వాడుతూనే ఉన్నారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లకు అది ఎలాగూ అందుబాటులో ఉన్నదే.

పాటలో ఇద్దరున్నారు

నేరుగా ధర పెట్టి అమ్మేటప్పుడు మిమ్మల్ని నమ్మే మనిషి ఒక్కరు దొరికితే చాలు. వేలంలో ఇద్దరు కావాలి. ఈబేలో పాటదారు తాను ఎంతవరకు పెట్టగలడో ఒకసారి చెప్పి వదిలేస్తాడు. అతని తరఫున సైటే కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది. ఒకరు 150 డాలర్ల దాకా, ఇంకొకరు 110 దాకా సిద్ధపడ్డారనుకోండి. పాట 112.50 దగ్గర ఆగిపోతుంది. అంటే మీ చేతికి ఎంత వస్తుందో తేల్చింది గెలిచినవాడు కాదు, ఓడిపోయిన రెండోవాడు.

ఈ రెండోవాడు సాధారణంగా జాగ్రత్తపరుడు. వివరణలో తెలియని చోటల్లా కొంత కోసుకుంటాడు. 'లెన్సులో బూజు సంగతి ఏమీ రాయలేదు, ఉందనే అనుకుందాం' అని 30 డాలర్లు తగ్గిస్తాడు. మీ లెన్సు అద్దంలా ఉన్నా సరే, ఆ 30 పోయినట్టే. బూజు నిజంగానే ఉండి, 'అంచున కొంచెం ఉంది, ఫొటో చూడండి' అని రాస్తే ఒక్కోసారి అతను 15తో సరిపెట్టుకుంటాడు. లోపం రాస్తే ధర పడిపోతుందని భయపడేవాళ్లు ఈ లెక్క వేయరు. రాయకపోయినా ధర పడుతుంది, పైగా ఎంత పడాలో అవతలివాడి ఊహకు వదిలేస్తున్నాం.

మొదటివాడితో ఇంకో చిక్కు ఉంది. మీరు ఖాళీ వదిలిన చోట అందరికన్నా మంచిగా ఊహించుకున్నవాడే అందరికన్నా ఎక్కువ పాడతాడు. ఇది పెద్ద వేలాల్లోనూ గమనించిన సంగతే. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ అనే చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు ఒక వ్యాసం రాశారు. సముద్రంలో చమురు లీజులకు వేలం జరిగినప్పుడు, అడుగున ఉన్న నిల్వను అతిగా అంచనా వేసిన కంపెనీకే లీజు దక్కుతోందని, దక్కించుకున్నాక ఆశించినంత లాభం రావడం లేదని అందులో వివరించారు. మన కెమెరాకూ అదే జరుగుతుంది. మసక వివరణ రాస్తే, దాన్ని చదివి కొత్త కెమెరాను ఊహించుకున్న మనిషి గెలుస్తాడు. వారం తర్వాత పార్సిల్ విప్పేది కూడా అతనే. నేరుగా అమ్మినప్పుడు ఫిర్యాదు రావచ్చు, రాకపోవచ్చు. వేలంలో మాత్రం, నిరాశపడే అవకాశం అందరికన్నా ఎక్కువ ఉన్న మనిషిని మనమే ఏరి మరీ అమ్ముతున్నాం.

ముందు మీకు తెలియాలి

దాచడం ఒకటి, తెలియకపోవడం ఒకటి. కొనేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి రాయడానికి ముందు పరీక్ష. పగటి వెలుగు, ఒక టార్చ్, కొత్త బ్యాటరీ ఉంటే చాలు.

ఏఈ-1కు 4ఎల్ఆర్44 అనే 6 వోల్టుల బ్యాటరీ కావాలి. అది లేకపోతే షట్టర్ (ఫిల్మ్ మీదికి వెలుగును వదిలే తెర) అసలు పడదు. బ్యాటరీ మూత దగ్గరే మొదటి లోపం ఎదురవుతుంది. ఈ మోడల్‌లో ఆ ప్లాస్టిక్ మూత కొక్కెం తరచూ విరుగుతుంది. తర్వాత బ్యాటరీ చెక్ బటన్ నొక్కి, వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) మీటర్ ముల్లు, అంటే వెలుగు కొలత చూపే ముల్లు, కదులుతోందో లేదో చూడండి. షట్టర్ నొక్కినప్పుడు చెవి పెట్టండి. కీచుమని, లేదా దగ్గినట్టు శబ్దం వస్తే అద్దం కదిలే యంత్రాంగంలో నూనె ఎండిపోయిందన్నమాట. ఏఈ-1కు ఇది పేరుమోసిన జబ్బు. వెనక తలుపు తెరిచి, లోపలి అంచుల్లోని నల్ల ఫోమ్‌ను అగ్గిపుల్లతో తాకండి. తారులా అంటుకుంటే అది కుళ్లిపోయినట్టే, లోపలికి వెలుగు చొరబడి ఫిల్మ్ పాడవుతుంది. తలుపు అలాగే తెరిచి ఉంచి, కిటికీ వైపు పెట్టి 2 సెకన్ల నుంచి 1/1000 సెకను దాకా ప్రతి వేగంలోనూ ఒక్కసారైనా నొక్కి చూడండి.

లెన్సు దగ్గర తొందరపడొద్దు. కెమెరా నుంచి విప్పి, ఒక వైపు నుంచి టార్చ్ వేసి రెండో వైపు నుంచి కొంచెం వాలుగా చూడాలి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు. గాజంతా పాలు పలచగా పూసినట్టుంటే మసక. రెండూ ఒకటి కాదు, కొనేవాళ్లు వేర్వేరుగా లెక్కగడతారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ల తేమలో తోలు సంచిలో ఏళ్ల తరబడి మగ్గిన లెన్సయితే బూజు ఉందనే అనుమానంతోనే వెతకండి. ధూళి రేణువుల గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. ఇంత పాత లెన్సులో అవి లేకపోతేనే వింత.

చూసినవన్నీ చూసినట్టే కాగితం మీద రాసుకోండి. ఏది రాయాలి, ఏది వదలాలి అని ఇప్పుడే తేల్చకండి. ఆ పని ఇప్పుడే చేస్తే మన చెయ్యి మన వైపే వంగుతుంది.

రెండు వివరణలు

లిస్టింగ్ (సైటులో పెట్టే అమ్మకపు ప్రకటన) మీరు ఇంగ్లీషులోనే రాస్తారు. ఇక్కడ తెలుగులో రాసి చూద్దాం, విషయం కుదిరాక భాష మార్చడం ఎంతసేపు. సాధారణంగా కనిపించే వివరణ ఇది:

'అందమైన పాతకాలపు కెనాన్ కెమెరా. వయసుకు తగ్గ అరుగుదల ఉంది. మాకు తెలిసినంతవరకు బాగానే పనిచేస్తుంది. చిన్న సర్వీసింగ్ చేయిస్తే కొత్తదానిలా ఉంటుంది. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం, రిటర్న్‌లు లేవు.'

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు, పనికొచ్చే ముక్క కూడా ఒక్కటి లేదు. 'వయసుకు తగ్గ' అంటే గీతా, సొట్టా, పగులా? 'తెలిసినంతవరకు' అంటే ఎంతవరకు? 'చిన్న సర్వీసింగ్' అన్నది అన్నిటికన్నా చెడ్డ మాట. రిపేరు చిన్నదో పెద్దదో చెప్పాల్సింది మెకానిక్. మీరు విప్పి చూడలేదు, చూసినా మీకు తెలియదు. అది మీరివ్వలేని హామీ. ఇప్పుడు ఇది చదవండి:

'కెమెరా పనిచేస్తోంది. కొత్త బ్యాటరీ వేసి అన్ని షట్టర్ వేగాల్లో నొక్కి చూశాను, మీటర్ ముల్లు కదులుతోంది. ఫిల్మ్ వేసి తీయలేదు. షట్టర్ నొక్కితే కీచుమంటోంది. వెనక తలుపు ఫోమ్ జిగటగా మారింది, ఫిల్మ్ వేసే ముందు మార్చుకోవాలి (4వ ఫొటో). బ్యాటరీ మూత కొక్కెం విరిగింది, టేపుతో నిలబెట్టాను (5వ ఫొటో). అడుగున ట్రైపాడ్ గీతలున్నాయి (6వ ఫొటో). లెన్సు లోపల అంచు దగ్గర సుమారు 3 మిల్లీమీటర్ల మేర బూజు పోగులున్నాయి, టార్చ్ వేస్తేనే కనిపిస్తాయి (7వ ఫొటో). ముందు గాజు మీద గీతలు లేవు. ఎపర్చర్ రేకులు పొడిగా ఉన్నాయి, చకచకా కదులుతున్నాయి.'

ప్రతి లోపానికీ ఈ మూడు సంగతుల్లో అవసరమైనవి ఉన్నాయి: ఎక్కడుంది, ఎంతుంది, వాడకానికి ఏమవుతుంది. విశేషణాలు లేవు, క్షమాపణలూ లేవు. చివరి రెండు వాక్యాలు మళ్లీ చదవండి. గీతలు లేవు, రేకులు (లెన్సులోంచి వెళ్లే వెలుగును పెంచి తగ్గించేవి) పొడిగా ఉన్నాయి అన్న మాటల్ని పాటదారు నమ్ముతాడు, ఎందుకంటే వాటికి ముందు అయిదు లోపాలు మీరే చెప్పారు. మొదటి వివరణలో అదే మాట రాసినా ఎవరూ పట్టించుకోరు.

కొందరు రెండో కొసకు పోతారు: 'పాతది, ఏమైనా కావచ్చు, గ్యారంటీ లేదు, బాగా ఆలోచించుకుని పాడండి.' నాకు ఇది నిజాయితీలా కనిపించదు. లోపం పేరు చెప్పకుండా భయం ఒక్కటే చెప్పడం ఇది.

'టెస్ట్ చేయలేదు'

ఈ మాటకు విడిగా కొంత చోటు ఇవ్వాలి. నిజంగా పరీక్షించలేని సందర్భాలుంటాయి. 8 ఎంఎం ప్రొజెక్టర్ ఉంది, బల్బు పోయింది, ఆ బల్బు దొరకదు. అప్పుడు 'బల్బు లేదు కాబట్టి వెలిగించి చూడలేదు, మోటారు తిరుగుతోంది' అని రాయవచ్చు. ఎందుకు చూడలేదో, ఎక్కడివరకు చూశారో రెండూ తెలిశాయి. కానీ నాలుగు డబ్బులకు బ్యాటరీ దొరికే కెమెరాకు 'టెస్ట్ చేయలేదు' అని రాస్తే, అనుభవమున్న పాటదారు దాన్ని 'చేశాను, పోయింది' అనే చదువుకుంటాడు. మీరు నిజంగా చూడకపోయినా ఆ అపవాదు మీదే.

ఎక్కడ రాయాలి

పనితీరుకు సంబంధించిన లోపం మొదటి నాలుగు లైన్లలో ఉండాలి. కొరియర్ చార్జీలు, ప్యాకింగ్ కబుర్ల కింద కాదు. పెద్ద లోపమైతే శీర్షికలోనే. ఈబే శీర్షికకు 80 అక్షరాలిస్తుంది, 'మీటర్ పనిచేయదు' అన్న మాటకు అందులో చోటు దొరుకుతుంది. వస్తువు స్థితిని ఎంచుకునే కండిషన్ గడి ఇంకా ముఖ్యం. అక్కడ 'యూజ్డ్' అంటే అరుగుదల ఉన్నా పూర్తిగా పనిచేసేదని అర్థం. కీచుమంటూనే అన్ని వేగాల్లో పడే కెమెరాను, శబ్దం సంగతి రాసి, అందులో పెట్టవచ్చు. మీటర్ చచ్చిపోయినదాన్ని పెట్టకూడదు. దానికి 'పార్ట్స్ కోసం లేదా పనిచేయనిది' అనే గడి వేరే ఉంది. అందులో పెడితే ఎవరూ కొనరేమో అనుకోకండి. ఈబే స్థాపకుడు పియెర్ ఒమిడ్యార్ 1995లో ఆ సైటులో అమ్మిన మొదటి వస్తువుగా చెప్పుకొనేది పాడైన లేజర్ పాయింటరే. పాడైందని తెలిసే ఒకాయన 14.83 డాలర్లకు కొన్నాడు.

'రిటర్న్‌లు లేవు' అన్న లైను మిమ్మల్ని కాపాడుతుందనుకుంటే పొరపాటు. వస్తువు వివరణకు తగ్గట్టు లేదని కొనుగోలుదారు డెలివరీ అయిన 30 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. అది నిలబడితే డబ్బు వాపసుతో పాటు తిరుగు కొరియర్ ఖర్చు కూడా మీదే. విదేశానికి పంపిన కెమెరా అయితే ఆ ఖర్చు వస్తువు ధరను మింగేసినా ఆశ్చర్యం లేదు. అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలన్న సామెత ఇక్కడ డాలర్ల లెక్కలో కూడా నిజం. భారత చట్టమూ ఇదే దారిలో ఉంది. వివరణ చూపి అమ్మిన సరుకు ఆ వివరణకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది.

పాట మొదలయ్యాక బయటపడితే

రెండు రోజులైంది, నలుగురు పాడారు, అప్పుడు లెన్సులో మసక కనిపించింది. బిడ్లు పడ్డాక ఈబేలో పాత వివరణ చెరపలేరు, దానికి జోడించగలరు. చిన్న లోపమైతే తేదీ వేసి జోడించండి, ఎక్కువ పాడినవారికి సందేశం కూడా పంపండి. పెద్దదైతే బిడ్లు రద్దు చేసి, లిస్టింగ్ ఆపి, మళ్లీ మొదలుపెట్టడమే మంచిది. చివరి 12 గంటల్లో ఈ వెసులుబాటు బిగుసుకుపోతుంది కాబట్టి గడువుకు ఒకరోజు ముందే వస్తువును ఇంకోసారి తిరగేసి చూడండి. ఎవరైనా ప్రశ్న అడిగినా అంతే: జవాబు అతనికొక్కడికే ఇచ్చి ఊరుకోకుండా వివరణలోనూ చేర్చండి. రెండోవాడికి కూడా అది తెలియాలి కదా.

వేరే వస్తువులైతే

పుస్తకానికి చెదలు, పేజీల లెక్క, వాసన. పట్టుచీరకు మడతల దగ్గర చిరుగు, జరీ నల్లబడటం. నాణేల సంగతి కొంచెం తేడా, అక్కడ మనం మెరుగు అనుకునేదే లోపం. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు చార్మినార్ వెండి రూపాయిని విభూతితో తోమి తళతళలాడించి పెడితే సేకరించేవాళ్లు ముఖం తిప్పుకుంటారు. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసేసిన గుర్తు అంచున ఉంటే, అది చెప్పకపోవడం పెద్ద దాపరికం కిందే లెక్క. తోమితే తోమామని రాయండి. (పనిలో పని: వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని మీరు విదేశానికి పంపడానికి వీల్లేదు.)

అభ్యాసం

ఇంట్లో ఒక పాత వస్తువు తీసుకోండి: మిక్సీ, గోడ గడియారం, రేడియో, ఏదైనా. అందులో లోపాలు వెతికి వాక్యానికొకటి చొప్పున రాయండి. ఫొటోలు వద్దు. ఆ కాగితాన్ని, వస్తువును ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి, మీరు రాసిన ప్రతి లోపాన్నీ వేలితో చూపించమనండి. ఎక్కడ తడుముకున్నారో ఆ వాక్యం తిరగరాయాలి. కాగితంలో లేని లోపం వాళ్లకు కనిపిస్తే అదీ చేర్చండి. పక్కింటివాళ్ల చేత చేయిస్తే ఇంకా మంచిది, ఇంట్లోవాళ్లు మన వస్తువును మన కళ్లతోనే చూస్తారు.

వచ్చే పాఠం ఫొటోలు. బూజునూ సన్నటి గీతనూ ఫోన్ కెమెరాకు చిక్కించడం అనుకున్నంత తేలిక కాదు. ఈ అభ్యాసంలో వాడిన వస్తువునూ కాగితాన్నీ పక్కన పెట్టి ఉంచండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.