పెరటి గులాబీకి పేరు పెట్టే ముందు

కోనసీమలో పాత పెంకుటిళ్ళ వెనక పేరు తెలియని గులాబీలు ఇంకా ఉన్నాయి. ఎవరినడిగినా ‘నాటు గులాబీ’ అనో, ‘పన్నీరు గులాబీ’ అనో అంటారు. అసలు పేరు కనుక్కోవాలనుకునేవాళ్ళు పువ్వు చూసి మొదలుపెడతారు. నేను మాత్రం ముందు చెట్టు మొదట్లో కూర్చుంటాను. మా నాన్న కడియపులంకలో అంట్లు కట్టేవారు, ఆయన నేర్పిన పద్ధతి ఇది.

మొదట్లో మట్టి కాస్త తప్పించండి. బుడిపె కనిపిస్తే అది అంటు మొక్క. కొమ్మలు ఆ బుడిపె కింద నుంచి వస్తున్నాయంటే, పైన కట్టిన రకం ఎప్పుడో పోయి అడుగు మొక్క బతికిందన్నమాట. ఆకు కాడ మొదట్లో రెండు సన్నని రెక్కలుంటాయి. అవి దువ్వెన పళ్ళలా చీలి, చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తే అది మల్టీఫ్లోరా, అంటు కోసం వాడిందే. బుడిపె లేకుండా కొమ్మలు నేరుగా మట్టిలోంచి వస్తే, అది కొమ్మ గుచ్చి పెంచిన మొక్క కావచ్చు. అప్పుడు నోట్‌బుక్ తీయండి.

తర్వాత ఇంట్లో పెద్దావిడతో మాట్లాడాలి. ఏ సంవత్సరం నాటారని అడిగితే జవాబు రాదు. “86 వరదలకి ఈ చెట్టు ఉందా మామ్మగారూ?” అనడగండి. “ఎందుకు లేదమ్మా! 96 తుఫానుకి కొబ్బరిచెట్టు దీని మీదే పడింది, అయినా మళ్ళీ చిగురేసింది” అంటారు. మనకి కావాల్సిన తేదీ అదే. కొమ్మ ఎవరిచ్చారో కూడా అడగండి. గులాబీ కొమ్మలు ఎక్కువగా పుట్టింటి నుంచి అత్తారింటికి వస్తాయి. వీలైతే ఆ పుట్టింటి ఊరు వెళ్ళి చూడండి. అక్కడా అదే చెట్టు కనిపిస్తే చాలా దూరం వచ్చినట్టే.

ఇక చెట్టుని దగ్గరగా చూడాలి. మన దగ్గర ఎక్కువ తికమక ఎడ్వర్డ్, డమాస్క్ అనే రెండు పాత గులాబీల మధ్యే, రెండిటికీ వాసన బాగుంటుంది. డమాస్క్ ఆకు మెరుపు లేకుండా, అడుగున సన్నని నూగుతో ఉంటుంది. కొమ్మ మీద పెద్ద ముళ్ళు, చిన్న ముళ్ళు, గరుకు వెంట్రుకలు కలిసిపోయి ఉంటాయి. పువ్వు కింది భాగం పొడుగ్గా ఉంటుంది. ఎడ్వర్డ్ ఆకు కాస్త నున్నగా ఉంటుంది, కాయ గుండ్రం వైపు. భూతద్దం తప్పకుండా తీసుకెళ్ళండి. పువ్వు రంగు మాత్రం నమ్మకండి, ఎండాకాలంలో ఒకలా, పుష్యమాసంలో ఇంకోలా ఉంటుంది.

ఎడ్వర్డ్ బోర్బన్ జాతిది. హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రెయూనియన్‌ని అప్పట్లో బోర్బన్ దీవి అనేవారు. చైనా గులాబీ, ఏటా రెండోసారి పూసే డమాస్క్ కలిసి అక్కడే ఈ జాతి పుట్టింది. దాని విత్తనాలు 1819 ప్రాంతంలో పారిస్ చేరాయి. ఇక్కడే మనకి ఒక ఆశ పుడుతుంది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళదే. 1820ల చివర్లో అక్కడి నుంచి తెలుగు కూలీలు రెయూనియన్‌కి ఓడెక్కారు. అయితే ఈ గులాబీ ఆ ఓడల్లోనే వచ్చిందా? అనుకోవడానికి బాగుంటుంది. కానీ ఓ ఉత్తరమో, తోట లెక్కల పుస్తకమో చేతికి దొరికేదాకా నోట్‌బుక్‌లో దాన్ని ‘ఊహ’ అనే రాయండి. చైనా గులాబీలు కలకత్తా మీదుగా ఓడల్లో వెళ్ళడం వల్ల ఫ్రాన్స్‌లో వాటిని బెంగాల్ గులాబీలు అన్నారు. పేరులో ఊరుందని అదే పుట్టిల్లు అనుకోకూడదు.

అంతా చూశాక కూడా తేలకపోతే తొందరపడి పాత కేటలాగు పేరు అంటించకండి. బెర్ముడాలో తెలియని గులాబీలకి దొరికిన చోటు పేరుతో తాత్కాలికంగా పేరు పెడతారు, ‘స్మిత్స్ పారిష్’ అలాంటిదే. మీరూ ‘ముక్తేశ్వరం నూతిగట్టు గులాబీ’ అని రాసుకోండి. దొరికిన ఇల్లు, తేదీ, ఎవరు చెప్పారు, అన్నీ పక్కనే ఉండాలి.

ఇంటివాళ్ళని అడిగి, చలికాలంలో పూత అయిన కొమ్మ పెన్సిల్ లావుది, జానెడు పొడుగున కోసి, ఇసుక కలిపిన లంక మట్టిలో గుచ్చండి. వేళ్ళు పట్టాక ఇంకో రెండిళ్ళకి ఇవ్వండి, చీటీతో సహా. ఇంటి చుట్టూ సిమెంటు వేసేటప్పుడు పోయేది ముందు ఈ చెట్లే.