పాత మోటార్ సైకిల్‌లో ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా

పాత మోటార్ సైకిల్ నడుపుతుండగా ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే వెంటనే క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపి, బండిని రోడ్డు పక్కకు తీయాలి. ఇంకాస్త దూరమే కదా అని మెల్లగా నడిపించుకుపోవడం ఈ విషయంలో పనికిరాదు. ప్లెయిన్ బేరింగులున్న (అంటే బంతులు, రోలర్లు లేకుండా నునుపైన షెల్లులే బేరింగుగా ఉన్న) ఇంజిన్‌లో క్రాంకు షాఫ్టు బేరింగుకు నేరుగా ఆనకుండా పలుచని ఆయిల్ పొర మీద తిరుగుతుంది. ఆ పొర తెగిపోతే బేరింగు షెల్లు ఒరుసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు, ఆ తర్వాత ఇంజిన్ మొత్తం విప్పక తప్పదు. అలాగని లైటు వెలిగిన ప్రతిసారీ ఇంజిన్ లోపల ఏదో పాడైపోయిందని తేల్చేయడం కూడా తొందరపాటే. ప్రెషర్ నిజంగా పడిపోయిందా, లేక లైటు మాత్రమే అలా చెబుతోందా అన్నది ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అది తెలియకుండా ఇంజిన్ మీద స్పానర్ పెట్టకూడదు.

ముందుగా ఆ లైటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇంజిన్‌లోని ప్రధాన ఆయిల్ దారి మీద ఒక చిన్న స్విచ్ బిగించి ఉంటుంది. దాని లోపల ఒక పలుచని డయాఫ్రమ్, ఒక స్ప్రింగు, ఒక జత కాంటాక్టులు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ప్రెషర్ లేనప్పుడు కాంటాక్టులు కలిసి ఉండి లైటు వైరును ఇంజిన్ బాడీకి ఎర్త్ చేస్తాయి కాబట్టి లైటు వెలుగుతుంది. ఇంజిన్ స్టార్టయి ప్రెషర్ పెరగగానే డయాఫ్రమ్ కదిలి కాంటాక్టులను విడదీస్తుంది, లైటు ఆరిపోతుంది. ఎక్కువ స్విచ్‌లు సుమారు 0.2 నుంచి 0.5 బార్ మధ్య, అంటే 3 నుంచి 7 పీఎస్ఐ దగ్గర పనిచేస్తాయి (బార్, పీఎస్ఐ రెండూ ప్రెషర్ కొలతలే). ప్లెయిన్ బేరింగ్ ఇంజిన్‌కు రోడ్డు మీది వేగంలో కావలసిన ప్రెషర్ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి లైటు ఆరి ఉన్నంత మాత్రాన ప్రెషర్ బాగుందని కాదు. వేగంగా వెళుతున్నప్పుడు వెలిగిన లైటు నిజమే చెబుతుంటే మాత్రం, ప్రెషర్ దాదాపు ఏమీ మిగల్లేదన్నమాట.

ఇక్కడే మరొకటి చూసుకోవాలి. అన్ని బండ్లలోనూ ఆ నూనె డబ్బా బొమ్మ ప్రెషర్‌కు సంబంధించినది కాదు. పాత యమహా బండ్లలో చాలా వాటికి అది ఆయిల్ లెవల్ లైటు. సంపు (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఉండే ఫ్లోటు దాన్ని వెలిగిస్తుంది. అటువంటి బండికి ప్రెషర్ స్విచ్ కోసం వెతకడం వృథా ప్రయాస కనుక, మొదట మాన్యువల్ తెరిచి ఆ లైటు దేనిదో నిర్ధారించుకోవాలి.

లైటు ఎప్పుడు వెలుగుతోందో గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. బ్రేకు వేసినప్పుడో, మలుపులో బండి వాలినప్పుడో క్షణంపాటు మినుకుమంటే ఆయిల్ తక్కువగా ఉండి, పంపు మధ్యమధ్యలో గాలి పీలుస్తోందని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో మాత్రమే వెలిగితే ఆయిల్ పలుచబడటం, ఐడ్లింగ్ మరీ తక్కువగా ఉండటం, పంపు గానీ బేరింగులు గానీ అరిగిపోవడం కారణాలు కావచ్చు. గుంతల్లో పడినప్పుడు, హ్యాండిల్ తిప్పినప్పుడు వెలిగితే ముందుగా వైరును చూడాలి.

తర్వాత ఆయిల్ లెవల్. ఇది చాలా తేలిక అనిపించే పని గనుకనే ఇందులో పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. ఆయిల్ సంపులోనే ఉండే వెట్ సంపు ఇంజిన్ అయితే బండిని చదునైన నేల మీద నిటారుగా నిలిపి, కాసేపు నడిపి ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. డిప్ స్టిక్కును మరలు తిప్పి బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఈ రెంటికీ మధ్య తేడా చిన్నది కాదు. ఆయిల్ విడిగా ట్యాంకులో ఉండే డ్రై సంపు ఇంజిన్లలో వేరే చిక్కు ఉంది. పాత బ్రిటిష్ బండ్లను కొన్నాళ్లు కదపకుండా ఉంచితే ట్యాంకులోని ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు కేసులోకి జారిపోతుంది. ట్యాంకు ఖాళీగా కనిపించిందని కొత్త ఆయిల్ పోస్తే అది అవసరానికి మించిపోతుంది. అందుకే అటువంటి ఇంజిన్‌లో, బాగా తిరిగి ఆగిన వెంటనే లెవల్ చూడాలి.

లెవల్ చూసేటప్పుడే డిప్ స్టిక్కును ముక్కు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తూ, లెవల్ ఉండాల్సిన దానికన్నా పైకి ఉంటే కార్బొరేటర్ ఫ్లోటు నీడిలూ పెట్రోలు ట్యాపూ రెండూ కారుతున్నాయని, ఆ పెట్రోలు సిలిండర్ గుండా ఆయిల్‌లోకి దిగిందని గ్రహించాలి. పెట్రోలు కలిసిన ఆయిల్ నీళ్లలా పలుచబడి ప్రెషర్ నిలపలేదు. పైగా ఆ ఆవిరితో మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అటువంటి ఇంజిన్‌ను స్టార్టు చేయకూడదు. కారుతున్నచోటు బాగుచేసి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాకే మిగతా పరీక్షలకు వెళ్లాలి. ఆయిల్ పాల మీగడలా తెల్లబడి ఉంటే నీరు కలిసినట్టు.

ఆయిల్ సరిగానే ఉంటే ఇంజిన్ ఆపి ఉంచి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి వైరింగు చూడాలి. స్విచ్ మీది రబ్బరు టోపీ వెనక్కి తీసి వైరు ఊడదీయండి. లైటు ఆరిపోవాలి. ఆరకపోతే ఆ వైరు ఎక్కడో ఫ్రేముకో ఇంజిన్‌కో తగిలి ఒరుసుకుపోయింది. చెయిన్ కవర్ వెనక, స్టీరింగ్ మెడ దగ్గర, బిగుతుగా కట్టిన చోట్ల ముందుగా వెతకాలి. వైరు కొసను ఇంజిన్ మీద శుభ్రమైన లోహానికి తాకిస్తే లైటు మళ్లీ వెలగాలి. వెలగకపోతే బల్బో వైరో పోయినట్టు. ఆ రబ్బరు టోపీ లోపల ఏముందో కూడా చూడాలి. అందులో నీరు చేరితే లైటు మసకగా, సగం వెలుగుతో కనిపిస్తుంది. ఆయిల్ చేరితే స్విచ్ డయాఫ్రమ్ చిరిగిపోయి దాని మధ్యలోంచి ఆయిల్ ఊరుతోందని అర్థం, ఇక ఆ స్విచ్ మార్చాల్సిందే.

స్విచ్ చవక కదా అని ముందు దాన్నే మార్చేసి చూసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల నష్టమేమీ లేదు గానీ, కొత్త స్విచ్ పెట్టాక లైటు ఆరిపోయిందని ఊపిరి పీల్చుకోవడం మాత్రం తప్పు. కొత్త స్విచ్ 0.2 బార్‌కే ఆరిపోయే రకమై, పాతది 0.5 బార్ రకమై ఉంటే, రోగం అలాగే ఉండగా లైటు ఒక్కటే నోరు మూసుకుంటుంది. ఎలాగూ స్విచ్ విప్పాం కాబట్టి ఆ రంధ్రంలోనే గేజ్ బిగించి చూడటం మేలు.

ఇందుకు సున్నా నుంచి 7 బార్ల దాకా, అంటే 100 పీఎస్ఐ దాకా చూపే మెకానికల్ గేజ్, ఆయిల్‌కు, వేడికి ఆగే గొట్టం, స్విచ్ మరలకు సరిపోయే అడాప్టర్ కావాలి. జపాన్ బండ్లలో ఎక్కువగా ఉండేవి కొస వైపు సన్నబడే టేపర్ మరలు. వాటిలో తిన్నని మరల అడాప్టర్‌ను బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియం చీలిపోతుంది. గొట్టాన్ని సైలెన్సర్ పైపుకు, తిరిగే భాగాలకు దూరంగా కట్టాలి. ముందు చల్లని ఇంజిన్‌తో స్టార్టు చేయండి. కొద్ది క్షణాల్లో ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయాలి. ముల్లు లేస్తే ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వచ్చేదాకా నడిపి, ఐడ్లింగ్‌లోనూ, మాన్యువల్ చెప్పిన ఆర్పీఎమ్ వద్దా రీడింగు రాసుకోవాలి. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి అరిగిపోయిన ఇంజిన్‌లో కూడా మంచి ప్రెషర్ చూపిస్తుంది కాబట్టి చల్లని రీడింగు ఒక్కదాన్ని నమ్మడానికి లేదు.

ప్లెయిన్ బేరింగ్ ఇంజిన్లకు ప్రతి 1000 ఆర్పీఎమ్‌కు 10 పీఎస్ఐ చొప్పున ఉండాలని మెకానిక్కులు చెప్పే లెక్క ఒకటుంది. మాన్యువల్ దొరకనప్పుడు అది కొంత ఉపయోగపడుతుంది. అయితే కవాసాకి జెడ్1, సుజుకి జీఎస్1000 వంటి పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు ఈ లెక్క అస్సలు వర్తించదు. వాటి క్రాంకు రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది. అక్కడ ఆయిల్ పారుతూ ఉంటే చాలు, ప్రెషర్ కొద్ది పీఎస్ఐలే ఉంటుంది. ఆ రీడింగు చూసి హడావుడిగా పంపు మార్చినవారు లేకపోలేదు. వాటికి 15 పీఎస్ఐ దాకా మాత్రమే చూపే చిన్న గేజ్ వాడితేనే ముల్లు కదలిక సరిగా తెలుస్తుంది.

గేజ్ రీడింగు సరిగా ఉంటే లోపం స్విచ్‌దే. లేకపోతే ముల్లు ఎలా కదులుతోందో గమనించాలి. అసలు లేవకపోతే పంపు తిరగడం లేదు, పంపులో గాలి నిలిచిపోయింది, లేదా లోపలి ఓ-రింగో (గుండ్రని రబ్బరు సీలు) ప్లగ్గో ఊడిపోయింది. చల్లగా ఉన్నప్పుడు బాగా ఉండి వేడెక్కేకొద్దీ జారిపోతే అరుగుదల. చల్లని ఆయిల్‌తోనూ, ఎంత ఆర్పీఎమ్ పెంచినా ఒకచోట ఆగిపోయి పైకి రాకపోతే ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండవచ్చు. ముల్లు వణుకుతూ పడిలేస్తుంటే పంపు గాలి పీలుస్తోంది, లేదా పంపులోకి వెళ్లే ఆయిల్‌ను వడకట్టే జాలీ, అంటే స్ట్రెయినర్, మూసుకుపోతోంది.

ఇంజిన్ విప్పేముందు ఫిల్టర్ దగ్గర ఆగాలి, ముఖ్యంగా ఆయిల్ మార్చిన తర్వాతే లైటు మొదలై ఉంటే. పాత హోండాల్లో కాగితపు ఫిల్టర్ అడుగున ఒక వాషరు, దాని కింద ఒక స్ప్రింగు ఉంటాయి. పాత ఫిల్టర్ బయటికి తీసేటప్పుడు ఆ వాషరు జిడ్డుకు దాని అడుగునే అతుక్కుని చెత్తలోకి పోతుంది. కొత్త ఫిల్టర్ సరిగా కూర్చోదు. పాత బీఎండబ్ల్యూ బాక్సర్ ఇంజిన్లలో ఫిల్టర్ కవర్ దగ్గరి ఓ-రింగు తగినంత నొక్కుకోకపోతే బయట ఒక్క చుక్క కారకుండానే ఆయిల్ లోపలికే తిరిగి సంపులోకి పోతుంది. సంపు లోపలే ఫిల్టర్ ఉండే మోటో గుజ్జిల్లో ఆ ఫిల్టర్ వదులైతే జరిగేది కూడా ఇదే.

తీసిన ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడాలి. క్లచ్ ప్లేట్ల నుంచి వచ్చే నల్లటి పొడి ఆయిల్‌లో తడిసే క్లచ్ ఉన్న బండ్లలో మామూలే. అయస్కాంతానికి అంటని, బూడిద రంగులోనో రాగి రంగులోనో మెరిసే రేకులు కనిపిస్తే అవి బేరింగు షెల్లులవి. ఇక పంపు, వాల్వు అంటూ కాలయాపన చేయకుండా క్రాంకు దాకా విప్పాల్సిందే.

అటువంటి రేకులు లేకపోతే సంపు విప్పి స్ట్రెయినర్ చూడాలి. దాని జాలీకి చుట్టుకునేది ఎక్కువగా ఎవరో గాస్కెట్‌కు ధారాళంగా రాసిన సిలికాన్ సీలెంటు. బయటికి పొంగి కనిపించినంత సీలెంటు లోపలికీ పొంగి ఉంటుంది, అది దారాలుగా తెగి ఇక్కడికి చేరుతుంది. రిలీఫ్ వాల్వు పిస్టను దాని గదిలో తన బరువుకే జారాలి. గీతలుంటే, పట్టేస్తుంటే శుభ్రం చేయడమో మార్చడమో చేయాలి. ఆయిల్ పంపులో ఒకదానిలో ఒకటి తిరిగే రోటర్ల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నని రేకులతో) కొలవాలి. చాలా ఇంజిన్లకు రెండు రోటర్ల కొసల మధ్య గరిష్ఠ పరిమితి 0.20 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పంపు బాగుండి, వాల్వు బాగుండి, వేడి ప్రెషర్ ఇంకా తక్కువే వస్తుంటే మిగిలేవి బేరింగులే. చిక్కటి ఆయిల్ పోసి లైటు ఆర్పేయడం అప్పుడు చాలామందికి తట్టే ఉపాయం. దానివల్ల లైటు ఆరిపోతుంది గానీ అరుగుదల ఆగదు. మాన్యువల్ చెప్పిన గ్రేడు దాటి వెళ్లకూడదు.

అన్నీ బిగించాక పొడి పంపుతో ఇంజిన్ స్టార్టు చేయకూడదు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, వాటిని క్యాపుల్లోనే ఉంచి, ప్లగ్గు రంధ్రాలకు దూరంగా ఇంజిన్‌కు ఎర్త్ అయ్యేలా ఆనించి, ముల్లు లేచేదాకా కిక్కుతోనో, విరామం ఇస్తూ సెల్ఫ్‌తోనో తిప్పాలి. వేడి రీడింగు మళ్లీ తీసుకున్నాకే గేజ్ విప్పి స్విచ్ పెట్టాలి. టేపర్ మరల స్విచ్ అయితే మరలకు పలుచగా సీలెంటు రాయండి. కొస దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలేస్తే అది ఆయిల్ దారిలోకి పోదు. టెఫ్లాన్ టేపు వద్దు, దాని పీలికలు లోపలికి పోతాయి, కొన్నిసార్లు స్విచ్‌కు ఎర్త్ కూడా అందదు. మాన్యువల్ చెప్పిన టార్క్‌కు మించి బిగించవద్దు; అక్కడ చీలేది స్విచ్ కాదు, క్రాంకు కేసు.