బస్తీ ఇంటి వాకిట్లో చెట్టు నాటాలంటే

బస్తీలో ఒకరి వాకిట్లో మొక్క నాటి రావడం ఒక పూట పని. ఆ తర్వాత రెండు మూడు వేసవులు నీళ్లెవరు పోస్తారో తేలకుండా గుణపం పట్టకండి. ముందు ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడండి. అద్దె ఇల్లయితే ఓనరు సంతకం కూడా కావాలి, లేదంటే ఏడాది తిరగకుండానే గోడ కట్టాలని కొట్టేస్తారు. నీళ్లు కుళాయిలో వస్తాయా, బిందెలతో మోసుకోవాలా అని అడగండి. మోసుకునే ఇంటికి మొక్క ఇచ్చి వచ్చేయడమంటే బరువు నెత్తిన పెట్టడమే. గొట్టమో ట్యాంకరో ముందే ఏర్పాటు చేయండి. ఆకులు రాలతాయని, వేళ్లు గోడను చీలుస్తాయని భయపడితే కొట్టిపారేయకండి, ఆ భయంలో నిజముంది. వద్దంటే వదిలేయండి. సరేనంటే ఏ మొక్క కావాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి.

సాయంత్రం ఎండ కొట్టే పడమటి వైపు నీడ పడితే ఇల్లు బాగా చల్లబడుతుంది. చిన్న చెట్టుకు గోడ నుంచి 8–10 అడుగులు, పెద్దదానికి కనీసం 20 అడుగులు వదలండి. కరెంటు తీగల కింద 20 అడుగులు మించి పెరిగే రకం వద్దు. నీటి పైపు, మురుగు పైపు, కేబుల్ ఎటు పోతున్నాయో కనుక్కున్నాకే తవ్వండి. ఇరుకు వాకిలైతే పందిరి మీద తీగ పాకించడమే మేలు.

ఇలాంటి చోట్ల మట్టి కింద ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఉంటాయి. దొరికినన్ని ఏరేయండి. సిమెంటు సున్నం మట్టిలో ఎక్కువైతే మొక్కకు ఇనుము అందదు: లేత ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. ఆ నీళ్లు ఇంకిపోయాక మళ్లీ నింపి చూడండి. గంటకు అంగుళమైనా దిగకపోతే చాలా రకాలకు వేళ్లు కుళ్లుతాయి, చోటు మార్చండి.

లోతుగా పాతినందుకే చాలా మొక్కలు చస్తాయి. కాండం వెడల్పై వేళ్లుగా విడే మొదలు నేల పైకి కనబడాలి. నర్సరీ కవరులో ఆ మొదలు తరచూ రెండు మూడు అంగుళాల మట్టి కింద ఉంటుంది. పైమట్టి గీకి వెతకండి. అక్కడి నుంచి వేళ్లను పట్టుకున్న మట్టిగడ్డ కింది అంచు వరకు ఎంత ఎత్తో గొయ్యి అంతే లోతు, వెడల్పు మాత్రం గడ్డకు రెండు మూడింతలు. గోతి గోడలు నున్నగా ఉంటే వేళ్లు కుండీలోలాగా చుట్టూ తిరుగుతాయి, గుణపంతో గీకండి. కవరు పూర్తిగా తీసేయండి. చుట్టుకున్న వేళ్లను కత్తితో నిలువునా మూడు నాలుగు చోట్ల కోయండి, లేకపోతే కొన్నేళ్లకు అవే కాండాన్ని బిగించి చంపుతాయి. తవ్విన మట్టితోనే పూడ్చండి. గోతి అడుగున ఎరువు పోస్తే అది కుంగి మొక్కా కిందికి దిగుతుంది. సగం పూడ్చాక నీళ్లు పోసి, మట్టి సర్దుకున్నాక మిగతాది నింపండి.

చుట్టూ మూడంగుళాల గట్టుతో పాదు చేసి, ఎండుటాకులు మూడంగుళాల మందం పరవండి. కాండానికి తగలనివ్వకండి, బెరడు కుళ్లుతుంది. గాలికి ఒరిగితేనే ఊతకర్ర పాతి గుడ్డపేలికతో వదులుగా కట్టండి, ఏడాదికి విప్పేయండి.

రోజూ ఓ చెంబు పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. 20 లీటర్ల బకెట్ అడుగున సన్నని రంధ్రం చేసి మొక్క పక్కన పెడితే నీళ్లు మెల్లగా లోపలికి దిగుతాయి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు. వేలు రెండంగుళాలు గుచ్చి తడి తగిలితే ఆ రోజు పోయకండి.

మొక్క చచ్చిపోతే వెంటనే ఇంకొకటి పెట్టేయకుండా దాన్ని పెకలించి వేళ్లు చూడండి. నల్లబడి కుళ్లు వాసన వస్తే నీరు నిలిచినట్టు. ఎండి పుల్లల్లా విరిగితే నీళ్లు అందలేదు, ఇంటివాళ్లతో మళ్లీ కూర్చోవాలి.