ఆకు వేసినా నేల ఎందుకు పలకడం లేదు?

సమస్య: జామాయిల్ తోటో సర్వి తోటో కొట్టేసి పంట వేశారు. మొక్క ఎదగదు. వాన పడ్డా పైపొర కింద మట్టి పొడిగానే ఉంటుంది.

ముందు రాలినాకు పక్కకు నెట్టి, ఎండిన మట్టి మీద ఒక నీటిచుక్క వదలండి. 5 సెకన్లు దాటినా ఇంకకుండా ముత్యంలా నిలిచిందా, ఆ మట్టి నీటిని తోసేస్తోందన్నమాట.

కారణం: జామాయిల్ ఆకులోని మైనం మట్టిరేణువుల మీద పూతలా పడుతుంది. ఇసుక నేలల్లో ఇది మరీ ఎక్కువ. రెండోది టానిన్, అంటే మనం వగరు అనేది. తోళ్లు ఊనడానికి కరక్కాయ వాడేది ఇందుకే: అందులోని టానిన్ ప్రొటీన్‌ను పట్టేసి కుళ్లనివ్వదు. రాలినాకులోనూ అదే తంతు. నత్రజని ఉన్నా సూక్ష్మజీవుల నోటికి అందదు. సర్వి వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని పట్టిస్తుంది కదా, నేల బలపడాలిగా అని అడుగుతుంటారు. ఆ బలంలో కొంత నేల మీది సూదుల పరుపులోనే చిక్కుకుపోతుంది.

పరిష్కారం: పరుపును తగలబెట్టకండి. నత్రజని గాలిలో కలిసిపోతుంది, వేడికి నీటిని తోసే గుణం ఇంకా ముదరొచ్చు. పశువుల ఎరువుతో కలియదున్ని, తొలకరికి జనుము చల్లి, పూతకు రాగానే నేలలో కలపండి. ఇసుక నేలైతే చెరువు మట్టి తోలడాన్ని మించిన మందు లేదు.

సమస్య: గడ్డి కలియదున్ని నాటిన వరి పసుపుబారింది. మడిలో అడుగేస్తే బుడగలు, కుళ్లిన గుడ్ల వాసన.

కారణం: సూక్ష్మజీవులకు సుమారు 25 పాళ్ల కర్బనానికి 1 పాలు నత్రజని కావాలి. వరిగడ్డిలో 1 పాలు నత్రజనికి కర్బనం 60 పాళ్ల పైనే. లోటును అవి మట్టిలోంచి, అంటే మీ పైరు నోటి దగ్గర నుంచి లాక్కుంటాయి. నిలవ నీటిలో పుట్టే ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ వేళ్లను దెబ్బతీస్తాయి.

పరిష్కారం: నీరు తీసి మడి ఆరనివ్వండి. సన్నగా నెర్రె విడవగానే మళ్లీ తడిపెట్టి, కొద్దిగా యూరియా వేయండి. వచ్చేసారి నాట్లకు 2–3 వారాల ముందే గడ్డి కలిపేయండి.

సమస్య: ఏటా జీలుగ వేస్తున్నా పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం దాటదు.

కారణం: లేత జీలుగ మన ఎండలకు ఇట్టే కరిగి, ఆ పంటకు నత్రజని ఇచ్చి పోతుంది. పట్టి ఉంచే బంకమట్టి తక్కువైతే నేలలో మిగిలేది కొంచెమే.

పరిష్కారం: జీలుగ మానొద్దు. తోడుగా కంది కట్టె ముక్కలు, పశువుల ఎరువు వేయండి. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం నెమ్మదిగా చివుకుతుంది. మూడేళ్ల తర్వాత అదే చోట, అదే నెలలో, అదే లోతులో మట్టి తీసి పరీక్షకివ్వండి. ఏడాదికే తేడా వెతకొద్దు.