లంక కొండ రైలు ఎక్కేవాళ్లకు: తలుపు దగ్గర నిలబడొద్దు

వేసవి సెలవులకు శ్రీలంక వెళ్తున్నామని మా పిన్ని కొడుకు పోయిన వారం ఫోన్ చేశాడు. టికెట్ల గురించో, గదుల గురించో అడుగుతాడనుకున్నాను. "అన్నయ్యా, క్యాండీ నుంచి ఎల్లా వెళ్లే రైల్లో తలుపు పట్టుకుని బయటికి వంగి ఫోటో దిగాలంటే ఏ స్టేషన్ దాటాక బాగుంటుంది?" అన్నాడు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఇది వాడి కోసం, అదే ఆలోచనతో బయల్దేరుతున్న మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో ఇదే మార్గంలో, రైలు ఆఖరి స్టేషన్ బదుల్లా దగ్గర, ఒక రష్యన్ మహిళ నడుస్తున్న రైలు తలుపులోంచి వంగి ఫోటో తీసుకోబోయి, పక్కనున్న బండకు తల తగిలి చనిపోయారు. అంతకు రెండు నెలల ముందు, 2024 డిసెంబరులో, కొలంబో సముద్ర తీరం రైల్లో ఒక చైనా అమ్మాయి అలాగే వంగితే చెట్టు కొట్టుకుని కింద పడింది. పొదలో పడింది కాబట్టి బతికింది. ఆ వీడియో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. ఆ వీడియో చూసినవాళ్లే అక్కడికి వెళ్లి అదే పోజు పెడుతున్నారు.

నీళ్లు, మాత్రలు, స్వెటర్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. నేను చెప్పేది ఒక్క తలుపు గురించే.

ఆరేళ్లుగా చుట్టాలను, తెలిసినవాళ్లను లంకకు తీసుకెళ్తున్నాను. ఈ రైలు మనుషుల్ని మోసం చేసేది దాని నెమ్మదితో. కొలంబో ఫోర్ట్ నుంచి బదుల్లా దాదాపు 290 కిలోమీటర్లు, రోజంతా పడుతుంది. కొండ ఎక్కేటప్పుడు సైకిల్ కూడా దాటిపోతుందేమో అనిపిస్తుంది. ఆ నడక చూసి ఏమవుతుందిలే అనుకుంటారు. కానీ మీరు వెనక్కి తిరిగి ఫోన్ వైపు చూసి నవ్వుతున్నప్పుడు మీ వీపు వెనక నుంచి వస్తున్నది కొండరాయి. ఆ దారి ఇంగ్లీషువాళ్ల కాలంలో కాఫీ, తేయాకు దించడానికి కొండను తొలిచి వేసింది. పట్టాల వెడల్పు మన బ్రాడ్‌గేజే అయినా చాలాచోట్ల రైలుకీ రాతిగోడకీ మధ్య సందు మూరెడు కూడా ఉండదు. సొరంగాలు నలభైకి పైగా ఉన్నాయి. అరకు రైల్లో నిలబడ్డాం, ఏమీ కాలేదని చెప్పకండి. ఏమీ కానివాళ్లే వచ్చి చెబుతారు.

మూడేళ్ల క్రితం సంగతి. హట్టన్‌లో వడలు అమ్మే ఒక పెద్దాయన మా పెట్టెలోకి ఎక్కాడు. బుట్ట నిండా రొయ్యల వడలు, వాటిని అక్కడ ఇస్సో వడే అంటారు. ఎవరో పిల్లవాడి నోటు పుస్తకం కాగితాల్లో చుట్టి ఇస్తున్నాడు, నా చేతిలో కాగితం మీద ఇంకా కూడికలు కనిపిస్తున్నాయి. మా మేనల్లుడు తలుపు దగ్గర ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి బయటికి చాచి సెల్ఫీ వీడియో తీస్తున్నాడు. పెద్దాయన ఒక్కసారిగా బుట్ట వదిలేసి "తంబీ, ఉళ్ళ వా!" (తమ్ముడూ, లోపలికి రా!) అంటూ వాడి చొక్కా వెనకనుంచి పట్టి లాగాడు. మరుక్షణం చీకటి. హట్టన్ దాటాక వచ్చే సింగమలై సొరంగం అది, లంకలో అన్నిటికన్నా పొడవైనది, అర కిలోమీటరు పైమాటే. వెలుతురు వచ్చేసరికి వడలు నేలంతా దొర్లుతున్నాయి. వాడి గడియారం అద్దం పగిలిపోయింది, మణికట్టు మీద తోలు లేచి రక్తం కారుతోంది. ఇంకో జానెడు బయట ఉంటే చెయ్యే ఉండేది కాదు.

అందరికీ వడలాయన దొరకడు. ఆ మరుసటి ఏడు ఇంకో బృందంలో రాజమండ్రి వైపు నుంచి వచ్చిన కొత్త దంపతులున్నారు. భార్య తీస్తోంది, భర్త వంగాడు, వంపులో రైలు ఒక్క కుదుపు కుదిపింది. భుజం ఎముక విరిగింది. అతను ఎలక్ట్రీషియన్. ఈరోజుకీ ఆ చెయ్యి తలకన్నా పైకి లేవదు, నిచ్చెన ఎక్కే పనులన్నీ పోయాయి.

మంచి కుటుంబాల వాళ్లు, బుద్ధిమంతులు, తలుపు దగ్గరికి ఎందుకు చేరుతున్నారో చూశాను. చాలాసార్లు అది టికెట్‌తోనే మొదలవుతుంది. రిజర్వేషన్ నెల రోజుల ముందు తెరుస్తారు, ఎల్లా రైళ్లకు నిమిషాల్లో అయిపోతాయి. దొరక్కపోతే రిజర్వేషన్ లేని పెట్టెలో ఎక్కుతారు, లోపల నిలబడే చోటు ఉండదు, గాలి కోసం తలుపు దగ్గరికి జరుగుతారు, అక్కడి నుంచి ఫోటో. కాబట్టి తెరిచిన రోజే ప్రయత్నించండి. క్యాండీ నుంచే ఎక్కాలన్న పట్టుదల వద్దు, దారి మధ్యలో వచ్చే నాను ఓయ నుంచి ఎల్లా వరకు వెళ్లినా మంచి భాగమంతా కనిపిస్తుంది. ఏసీ ఫస్ట్ క్లాస్ కిటికీలు తెరుచుకోవు, అందుకని అందులో వెళ్లినవాళ్లే ఎక్కువగా తలుపు వెతుక్కుంటారు. సెకండ్ క్లాస్ రిజర్వ్‌డ్ తీసుకోండి, కిటికీ అద్దం పైకి లేపి కూర్చుని చూడవచ్చు. ఏప్రిల్ నడిమధ్యన సింహళ, తమిళ సంవత్సరాది వస్తుంది. కొలంబో సగం సొంతూళ్లకు కదులుతుంది. 10 నుంచి 17 వరకు పిల్లలతో, పెద్దవాళ్లతో ఈ రైలు ఎక్కకండి.

2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను లంక కొండల్ని అతలాకుతలం చేసింది, కొండ రైలు మార్గం ఎన్నోచోట్ల దెబ్బతింది. పాత బ్లాగులు, పాత వీడియోలు చూసి ప్లాన్ వేయకండి. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా రైళ్లు నడుస్తున్నాయో బయల్దేరే వారంలో మళ్లీ కనుక్కోండి. వాన పడుతుంటే కారు మాట్లాడుకున్నా కొండచరియల ప్రమాదం తప్పదు. ఆ రోజు ఊళ్లోనే ఉండిపోండి.

మనవాళ్లలో చాలామంది "లంకాయాం శాంకరీదేవి" దర్శనానికి త్రికోణమలై రాత్రి రైలు కూడా పడతారు. ఆ దారి గల్ ఓయ మీదుగా ఏనుగుల అడవిలోంచి వెళ్తుంది. 2025 ఫిబ్రవరి 20న ఆ ప్రాంతంలోనే రైలు గుద్ది ఆరు ఏనుగులు చనిపోయాయి, రైలు పట్టాలు తప్పింది. ప్రయాణికులు క్షేమంగానే బయటపడ్డారు. రాత్రి అడవిలో రైలు ఆగితే ఏం జరిగిందో చూద్దామని దిగకండి. గాయపడిన ఏనుగు అక్కడే చీకట్లో ఉండొచ్చు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో చెబుతున్నాను.

తలుపు మెట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చోవద్దు, ప్లాట్‌ఫారం అంచు వస్తే మడమలు నలుగుతాయి.

కొండ రైల్లో నాను ఓయ దాటాక వచ్చే పట్టిపొల, ఒహియ ప్రాంతమంతా మంచు కమ్ముతుంది. తలుపు దగ్గర నేల తడిసి జారుతుంది. అక్కడ చెప్పులతో నిలబడొద్దు.

ఒహియ నుంచి ఇదల్‌గషిన్న వరకు సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చేతులు లోపల పెట్టుకోండి. మోచెయ్యి కూడా.

సెల్ఫీ కర్ర బ్యాగులోంచి తీయొద్దు.

పసిపిల్లల్ని కిటికీ చట్రం మీద కూర్చోబెట్టొద్దు.

సముద్ర తీరం రైల్లో కొలంబో దగ్గర పక్కనే ఇంకో లైను ఉంటుంది. ఎదురు రైలు శబ్దం వినపడేలోపే అది మీ పక్కనుంటుంది.

ఎల్లా దగ్గర తొమ్మిది ఆర్చీల వంతెన మీద నడవొద్దు. 1921లో కట్టిన ఆ వంతెన మీద ఇప్పటికీ రైళ్లు తిరుగుతాయి, ఒక కొసన సొరంగం ఉంది. వంతెన కింది గట్టు మీద నుంచి ఫోటో ఇంకా బాగా వస్తుంది.

తలుపు తెరిచి ఉంది కదా అని నిలబడొద్దు. అక్కడి తలుపులు తెరిచే ఉంటాయి.

స్థానికులు వేలాడుతున్నారని మీరు వేలాడొద్దు. ఏ బండ ఎక్కడుందో వాళ్లకు తెలుసు, అయినా వాళ్లకూ దెబ్బలు తగులుతున్నాయి.

ఎవరైనా వంగి కనబడితే వీడియో తీయొద్దు. లోపలికి లాగండి.

1990 నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. ఉచిత అంబులెన్స్. 2016లో భారత ప్రభుత్వ సాయంతో, మన 108 తరహాలో మొదలైంది. పోలీసులకు 119.

ఎల్లాలో సగం రైలు ఖాళీ అవుతుంది. దర్జాగా తలుపు దగ్గర చోటు దొరుకుతుంది. బదుల్లా దాకా వెళ్లేవాళ్లు అప్పుడు మాత్రం అసలు లేవొద్దు. ఆ రష్యన్ మహిళ చనిపోయింది ఆ వైపే. రైలు బదుల్లా ప్లాట్‌ఫారం మీద పూర్తిగా ఆగాకే సీటు లోంచి లేవండి.