బరువు తగ్గించే ఆపరేషన్‌లో స్టేప్లర్ జాగ్రత్తలు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి స్లీవ్ ఆపరేషన్‌కు (జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసి, సన్నని గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) హైదరాబాద్ వెళ్లేవారు, కోసిన చోట పిన్నులతో వేసే స్టేప్లర్ కుట్టుకు బలాన్నిచ్చే పట్టీ వాడతారా అని సర్జన్‌ను ముందే అడగాలి. కొన్ని పట్టీలను పశువుల గుండెపొరతో తయారు చేస్తారు కనుక, అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాలి.

పట్టీ వల్ల మందం పెరుగుతుంది కాబట్టి, జీర్ణాశయం గోడ దళసరిగా ఉండే కింది భాగంలో సర్జన్ ఎత్తైన పిన్నులుండే కార్ట్రిడ్జ్ (స్టేప్లర్‌లో అమర్చే పిన్నుల పెట్టె) ఎంచుకోవాలి. స్టేప్లర్ దవడలు బిగించాక కణజాలం అణిగేందుకు కొన్ని సెకన్లు ఆగాలి. ముక్కు గుండా జీర్ణాశయంలోకి వేసిన గొట్టం, ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ ఆ దవడల మధ్య చిక్కలేదని మత్తు డాక్టర్ నోటితో చెప్పించుకున్నాకే స్టేప్లర్‌ను ఫైర్ చేయాలి (పిన్నులు దించాలి). ఈ ఒక్కటి ఎన్నడూ వదలకూడదు.

పట్టీ రక్తస్రావాన్ని తగ్గిస్తుంది గానీ, లీకేజీ (కుట్టు దగ్గర నుంచి జీర్ణాశయంలోని ద్రవం బయటికి కారడం) రాదని హామీ ఇవ్వదు. ఇంటికొచ్చాక జ్వరం, గుండెదడ, కడుపులోనో ఎడమ భుజంలోనో నొప్పి మొదలైతే, తెల్లారేదాకా ఆగకుండా డిశ్చార్జ్ కాగితాలతో వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలి.